ఇరవై సెకన్లలో తీసిన ఎంఆర్‌ఐని నమ్మొచ్చా?

చిత్తూరు నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. వాళ్ళమ్మకు 62 ఏళ్ళు. పిత్తాశయంలో రాళ్ళున్నాయని అల్ట్రాసౌండులో తేలింది, కళ్ళు కాస్త పచ్చబడ్డాయి. రాయి జారి పిత్తనాళంలో పడిందేమో చూడాలని డాక్టరు ఎంఆర్‌సీపీ, అంటే పిత్తనాళాన్నీ క్లోమనాళాన్నీ చూపే ఎంఆర్‌ఐ స్కాన్, రాశారు. తిరుపతిలో ఒకచోట తీయిస్తే ఆమె ఊపిరి కుదురుగా లేక బొమ్మలు మసకగా వచ్చాయి. ఇంకోచోట అడిగితే "ఇరవై సెకన్లు ఊపిరి బిగబడితే చాలు" అన్నారట. అదెలా అంటే అక్కడి టెక్నీషియన్ "డేటాలో చాలా భాగం మేం తియ్యం, మిగతాది కంప్యూటరే పూరిస్తుంది" అన్నాడట. తమ్ముడు బీటెక్ చదివినవాడు. అతని భయం ఇది: "పూరించేది కంప్యూటరైతే లేని రాయిని చూపించొచ్చు, ఉన్న రాయిని దాచేయొచ్చు కదా అన్నా?"

తమ్ముడూ, ముందు అమ్మ సంగతి చెప్పేస్తా, లెక్కలు తర్వాత చూద్దాం. ఆ ఇరవై సెకన్ల స్కానే తీయించు. మీ అమ్మలాంటి పేషెంటుకు అది పాత పద్ధతి కన్నా మేలు. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకో. పచ్చకామెర్లతో పాటు చలిజ్వరం కూడా వస్తే స్కాన్ అపాయింట్‌మెంట్ కోసం ఇంట్లో కూర్చోవద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళు. పిత్తనాళంలో ఇన్‌ఫెక్షన్ అయితే అది ఆలస్యం ఓర్చే జబ్బు కాదు.

ఇక నీ భయం. నేను 2006 నుంచి ఎంఆర్‌ఐ కన్సోల్ ముందు కూర్చుంటున్నా, అందులో ఎక్కువ కాలం తిరుపతిలోనే. ఆ టెక్నీషియన్ చెప్పింది సగం నిజం. కంప్రెస్డ్ సెన్సింగ్ అనే ఆ పద్ధతిలో కంప్యూటర్ పూరిస్తుంది, నిజమే. కానీ తన ఇష్టమొచ్చినట్టు పూరించడానికి దానికి వీల్లేదు. ఆ వీల్లేకపోవడం ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే, ఎంతవరకు నమ్మాలో నీకే తెలుస్తుంది.

ఎంఆర్‌ఐ ఎందుకింత నిదానం? ఫోన్ కెమెరాలో ఒక్కో చుక్క బొమ్మలో ఒక్కో చోటికి చెందుతుంది. మా మెషీన్లో అలా కాదు. మేం తీసే ప్రతి కొలతా మొత్తం బొమ్మ గురించి చెబుతుంది. "ఈ శరీరభాగంలో ఇంత వెడల్పు చారల నమూనా ఎంత పాలు ఉంది?" అని అడిగినట్టు. వెడల్పు చారల నుంచి సన్నటి చారల దాకా అన్నీ అడిగి, ఆ జవాబులన్నీ ఒక పట్టికలో రాసుకుంటాం. ఆ పట్టికను కే-స్పేస్ అంటారు. దాని నడిమధ్యలో బొమ్మ వెలుగునీడలు, అంచుల్లో సన్నటి వివరాలు ఉంటాయి. పట్టిక నిండాక ఫూరియే ట్రాన్స్‌ఫార్మ్ అనే లెక్క చేస్తే బొమ్మ వస్తుంది. నీకు సెకండియర్లో చెప్పే ఉంటారు.

చిక్కేమిటంటే ఈ పట్టిక గీత తర్వాత గీతగా నిండుతుంది. పాత స్పిన్ ఎకో పద్ధతిలో 256 గీతలు, గీతకూ గీతకూ మధ్య అర సెకను అనుకో, 128 సెకన్లు. తర్వాత వచ్చిన పద్ధతుల్లో ఒక్కో దెబ్బకు గుత్తులుగా గీతలు తీస్తాం, కానీ 3డీ బొమ్మ కావాలంటే గీతల లెక్క వేలల్లోకి పోతుంది. 3డీ ఎంఆర్‌సీపీలో ఇంకో తలనొప్పి, ఊపిరి. పొట్ట కదులుతూ ఉంటుంది కాబట్టి, మనిషి ఊపిరి వదిలి ఒక క్షణం ఆగినప్పుడు మాత్రమే ఒక గుత్తి తీసుకుంటాం. మళ్ళీ ఇంకో ఊపిరికి ఇంకో గుత్తి. ఊపిరి లయగా ఉన్నవాళ్ళకు ఐదు నిమిషాలు పడితే, టెన్షన్ పడేవాళ్ళకు ఏడెనిమిది. ఒక ఊపిరి లోతుగా, ఇంకోటి పైపైన తీస్తే కాలేయం ఒక్కో గుత్తికి ఒక్కో ఎత్తులో ఉంటుంది. అవన్నీ ఒకే బొమ్మగా కలిపితే? మీ అమ్మకు వచ్చిన మసకే వస్తుంది. ఆమె తప్పేం లేదు. ఆ గొట్టంలో, ఆ చప్పుడులో ఎవరికైనా ఊపిరి అదుపు తప్పుతుంది.

అయితే గీతలు తగ్గించొచ్చు కదా? ప్రతి నాలుగో గీత మాత్రమే తీస్తే టైము నాలుగో వంతవుతుంది. కానీ బొమ్మ మడత పడుతుంది. కుడి పక్క ఎడమ మీదికి, వీపు పొట్ట మీదికి వచ్చి కూర్చుంటుంది. ఏది అసలు, ఏది నకలు అని ఎవరూ చెప్పలేరు.

దీనికి దొరికిన మొదటి మందు ప్యారలల్ ఇమేజింగ్. 1990ల చివర వచ్చింది, అందులో సెన్స్ అనే పద్ధతి 1999లో, గ్రాపా అనేది 2002లో. తిరుపతి నుంచి చిత్తూరు వచ్చేటప్పుడు దారిలో గాదంకి తగులుతుంది కదా, అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన కేంద్రంలో పైగాలుల్ని కొలిచే ఎంఎస్‌టీ రాడార్ ఉంది. ఒకే పెద్ద గొడుగు కాదది, పరుచుకున్న 1024 యాంటెన్నాల తోట. ఒక్కో యాంటెన్నా ఒక్కో చోటినుంచి వినడం వల్లే ఆకాశంలో సంకేతం ఏ దిక్కునుంచి వస్తోందో తెలుస్తుంది. పేషెంటు పొట్ట మీద మేం కట్టే కాయిల్‌లో కూడా అలాంటి చిన్నచిన్న యాంటెన్నాలు చాలా ఉంటాయి. తనకు దగ్గరగా ఉన్న భాగం ఒక్కోదానికి గట్టిగా వినబడుతుంది. ఆ తేడాను వాడుకుని మడత విప్పొచ్చు. (ఆ రాడార్ పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద, మా 1.5 టెస్లా మెషీన్ దాదాపు 64 మీద. రెండూ ఒకే పేటలో ఉన్నట్టే. బయటి రేడియో గోల లోపలికి రాకూడదనే ఎంఆర్‌ఐ గదికి చుట్టూ రాగిరేకు కవచం కడతారు.) ప్యారలల్ ఇమేజింగ్‌తో ఒక దిక్కులో రెండు మూడు రెట్ల వేగం హాయిగా వస్తుంది. అంతకు మించి లాగితే బొమ్మ నడుమ చెత్త పేరుకుంటుంది.

కంప్రెస్డ్ సెన్సింగ్ వేరే దారి. 2004 ప్రాంతంలో ఇమాన్యుయేల్ కాండెస్ అనే గణితవేత్త తల స్కాన్‌ను పోలిన ఒక నకిలీ బొమ్మ మీద ప్రయోగం చేశాడు. కే-స్పేస్‌లో సుమారు 22 గీతలు, నడుమ నుంచి చక్రం ఆకుల్లా బయటికి పోయేవి, అవి మాత్రమే ఉంచుకుని బొమ్మను తిరిగి కట్టమన్నాడు. కొంచెం మెరుగవుతుందేమో అనుకున్న చోట బొమ్మ అచ్చుగుద్దినట్టు తిరిగొచ్చింది. ఎందుకలా అని టెరెన్స్ టావో, రోంబర్గ్‌లతో కలిసి నిరూపించాడు. డేవిడ్ డోనోహో విడిగా నిరూపించాడు. ఆ పేపర్లు 2006లో అచ్చయ్యాయి. నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే, అప్పట్లో నాకు వీళ్ళ పేర్లు కూడా తెలియవు. 2007లో మైకేల్ లస్టిగ్, డోనోహో, జాన్ పాలీ కలిసి దాన్ని ఎంఆర్‌ఐకి ఎలా పెట్టాలో రాశారు. స్టాన్‌ఫర్డ్‌లో శ్రేయస్ వాసనావాలా అనే రేడియాలజిస్టు చిన్నపిల్లల మీద వాడటం మొదలుపెట్టాడు. పిల్లలు కదలకుండా పడుకోరు, మత్తు ఇవ్వాలి. అక్కడ మిగిలే ప్రతి నిమిషం మత్తులో మిగిలే నిమిషమే. మెషీన్లు అమ్మే కంపెనీలకు అమెరికా ఎఫ్‌డీఏ అనుమతులు 2017 నుంచి వచ్చాయి. సీమెన్స్, జీఈ, ఫిలిప్స్ మూడూ తలా ఒక పేరుతో అమ్ముతున్నాయి.

ఇందులో కిటుకు మూడు చోట్ల ఉంది. మూడూ కలిస్తేనే పని జరుగుతుంది.

మొదటిది, బొమ్మలో సరుకు తక్కువ ఉండాలి. దీన్ని స్పార్సిటీ అంటారు. మా ఇంట్లో సంగీతం నడుస్తుంది, అందుకని నాకు అర్థమైనట్టు చెబుతా. మోహన రాగంలో ఐదే స్వరాలు. పాత టేపు అక్కడక్కడా తెగిపోయి, పాట ముక్కలుగా వినబడుతోంది అనుకో. అది మోహన అని తెలిస్తే, తెగిన చోట మధ్యమం గాని నిషాదం గాని ఉండదని కూడా తెలిసినట్టే. వెతకాల్సిన చోట్లు బాగా తగ్గిపోయాయి. శరీరం బొమ్మ కూడా అంతే. వేవ్‌లెట్ లాంటి భాషలోకి, అంటే బొమ్మను చిన్నాపెద్దా అలల ముక్కలుగా రాసే లెక్కలోకి, మారిస్తే లక్షల అంకెల్లో కొన్ని వేలే పెద్దవి, మిగతావి సున్నాకు దగ్గర. ఎంఆర్‌సీపీకి ఆ మార్పిడి కూడా పెద్దగా అక్కర్లేదు. అందులో కదలని ద్రవాలే తెల్లగా మెరుస్తాయి, మిగతాదంతా నలుపు. చీకటి ఆకాశంలో మెరుపు తీగలా నాళాలు కనిపిస్తాయి. కంప్రెస్డ్ సెన్సింగ్‌కు ఇంతకన్నా అనువైన సరుకు మా దగ్గర యాంజియోగ్రామ్ తప్ప ఇంకోటి లేదు. నీ అదృష్టం అని ఎందుకన్నానో ఇప్పుడు చూడు. అనలేదా? సరే, ఇప్పుడంటున్నా.

రెండోది, వదిలేసే గీతల్ని ఒక వరుసలో వదలకూడదు. ప్రతి నాలుగోది అని లెక్కగా వదిలితే తప్పు కూడా లెక్కగా వస్తుంది, నకలు బొమ్మ అసలు లాగే ఉంటుంది. అడ్డదిడ్డంగా వదిలితే తప్పంతా గసగసాలు చల్లినట్టు బొమ్మంతా పరుచుకుంటుంది. మెరిసే నాళం ఆ గసగసాల మీద లేచి కనబడుతుంది. అడ్డదిడ్డం అంటే పూర్తిగా చీటీలు తీసినట్టు కాదు, నడిమధ్య భాగాన్ని దట్టంగా తీసి, అంచులకు పోయే కొద్దీ పలచన చేస్తాం. 3డీలో ఇలా వదలడానికి రెండు దిక్కులుంటాయి, 2డీలో ఒక్కటే. అందుకే 3డీ స్కాన్లలో లాభం ఎక్కువ.

మూడోది లెక్క కట్టే తీరు, నీ భయానికి జవాబు ఇక్కడుంది. కంప్యూటర్ ముందు ఖాళీల్లో సున్నాలు పెట్టి ఒక గసగసాల బొమ్మ తయారు చేస్తుంది. దాన్ని వేవ్‌లెట్ భాషలోకి మార్చి చిన్న అంకెల్ని చెరిపేస్తుంది. మిగిలినదాన్ని మళ్ళీ కే-స్పేస్‌లోకి తిప్పుతుంది. అప్పుడు మనం నిజంగా కొలిచిన గీతల దగ్గర తన అంకెలు మన కొలతతో సరిపోయాయా అని చూసుకుంటుంది. సరిపోకపోతే దిద్దుకుని మళ్ళీ మొదలు. ఇలా పదుల సార్లు. చివరికి తేలేది, "కొలిచిన వాటితో తగాదా పడని బొమ్మల్లో అన్నిటికన్నా సాదా బొమ్మ". అర్థమైందా? కొలతతో పొసగని రాయిని అది సొంతంగా తెచ్చి పెట్టలేదు. పెడితే ఆ రాయి కొలిచిన ప్రతి గీతనూ కాస్త మార్చాలి, ఎందుకంటే ప్రతి గీతా మొత్తం బొమ్మ గురించి చెబుతుందని ముందే అన్నాను.

ఇది నీకు తెలిసిన ఇంకో చోట కూడా జరిగింది. కరోనా రోజుల్లో 2020 ఏప్రిల్‌లో ఐసీఎంఆర్ ఐదు శాంపిళ్ళ దాకా కలిపి ఒకే టెస్టు చేయొచ్చని చెప్పింది. జబ్బున్నవాళ్ళు తక్కువైతేనే అది గిట్టుబాటు, లేకపోతే ప్రతి కలగలుపూ పాజిటివే వస్తుంది. ఐఐటీ బొంబాయి వాళ్ళు ఒక్కో శాంపిల్‌ను చాలా కలగలుపుల్లో వేసి, జవాబుల నుంచి ఎవరికి జబ్బో లెక్కకట్టే ట్యాపెస్ట్రీ అనే పద్ధతి చేశారు. అది కంప్రెస్డ్ సెన్సింగే.

కాబట్టి లేని రాయి గురించి పెద్దగా బెంగపడకు. పిత్తనాళంలో రాయి అంటే తెల్లటి నాళం మధ్య నల్లటి చుక్క. ఆ నల్ల చుక్క పాత పద్ధతిలోనూ మోసం చేస్తుంది. గాలి బుడగ, పక్కన కొట్టుకునే రక్తనాళం, ద్రవం వేగంగా పారే చోటు, ఇవన్నీ రాయిలా కనిపించొచ్చు. అందుకే ఏ రేడియాలజిస్టూ ఒక్క 3డీ బొమ్మ చూసి రిపోర్టు రాయరు, అడ్డంగా నిలువుగా తీసిన మామూలు టీ2 బొమ్మలతో (ద్రవం తెల్లగా కనిపించే రకం) పోల్చి చూస్తారు.

ఉన్న రాయిని దాచడం మాత్రం నిజమైన ప్రశ్న. మోహన పాటలో పాడేవాడు ఒక్క చోట, ఒక్క క్షణం అన్యస్వరం తాకి వదిలాడనుకో. తెగిన టేపు బాగుచేసేవాడు అది గీరుచప్పుడేమో అని చెరిపేస్తాడు. కంప్రెస్డ్ సెన్సింగ్ చేసే తప్పు అచ్చం ఇదే. చిన్నది, చుట్టుపక్కలతో తేడా తక్కువగా ఉన్నది చెరిగిపోతుంది. బొమ్మ గరుకుగా ఉండదు, మరీ నున్నగా ఉంటుంది, మైనం పూసినట్టు. పాత బొమ్మ చెడితే గరగరలాడి "నేను చెడ్డాను" అని చెప్పేది. ఇది చెడినా అందంగానే ఉంటుంది. నాకు ఈ టెక్నాలజీలో నచ్చనిది ఇదొక్కటే.

నా తప్పే ఒకటి చెబుతా. ఎక్కడన్నది వద్దు. మెషీన్‌కు ఈ సాఫ్ట్‌వేర్ కొత్తగా వేసిన రోజులు. సాయంత్రం బయట పదిమంది కూర్చున్నారు. ఎంఆర్‌సీపీలో వేగం అంకెను, అంటే ఎన్ని గీతలు వదిలేయాలో చెప్పేదాన్ని, మామూలుగా పెట్టే దానికన్నా బాగా పైకి జరిపాను, ఊపిరి పట్టే టైము పన్నెండు సెకన్లకు దిగింది. బొమ్మ చూసి మురిసిపోయాను కూడా. రేడియాలజిస్టు మేడమ్ ఫోన్ చేసి "క్లోమం నాళం తోక దగ్గర తెగినట్టుందే, ఇది జబ్బా, నీ పనా?" అన్నారు. పేషెంటు ఇంకా బట్టలు మార్చుకుంటున్నాడు. మళ్ళీ పడుకోబెట్టి అంకె తగ్గించి తీస్తే, వెంట్రుకలా సన్నటి నాళం చివరిదాకా ఉంది. కొలతల్లో దాని గొంతు గొణుగుడంత. నేను కొలతలు తగ్గించేసరికి ఆ గొణుగుడు కూడా చెరిగిపోయింది. ఆ రోజు నుంచి ఆ అంకెను జనం రద్దీ చూసి ముట్టుకోను.

మీ అమ్మకు వెతుకుతున్నది తెల్లటి నాళంలో నల్లటి రాయి, తేడా గట్టిగా ఉండే సరుకు. ఐదు మిల్లీమీటర్ల పైన రాయైతే సరిగ్గా తీసిన ఇరవై సెకన్ల బొమ్మలో కనబడుతుంది. రెండు మూడు మిల్లీమీటర్ల ఇసకరాళ్ళు పాత పద్ధతిలోనూ తప్పిపోతాయి. డాక్టరుకు అనుమానం బలంగా ఉంటే అలాంటప్పుడు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ చేయిస్తారు, అది చిన్న రాళ్ళను ఇంకా బాగా పడుతుంది. కంప్యూటర్ చేసే నునుపు వల్ల పోయే వివరం కన్నా, ఊపిరి కదలిక వల్ల మీ అమ్మ మొదటి స్కాన్‌లో పోయిన వివరం చాలా ఎక్కువ. నా తీర్పు దీని మీదే ఆధారపడింది. కుదురుగా ఊపిరి తీసే పాతికేళ్ళ కుర్రాడికైతే ఐదు నిమిషాల పాత స్కానే తియ్యమంటాను.

ఈమధ్య కొత్త మెషీన్లలో దీనికి పైన ఏఐ కూడా కలుపుతున్నారు. అది వేరే జీవి. కంప్రెస్డ్ సెన్సింగ్ "సాదాగా ఉండు, కొలతకు కట్టుబడు" అనే రాసిపెట్టిన నియమంతో నడుస్తుంది. ఏఐ వేలాది పాత బొమ్మలు చూసి బొమ్మ ఎలా ఉండాలో నేర్చుకుంటుంది. 2018లో న్యూయార్క్ యూనివర్సిటీ వైద్యులు, ఫేస్‌బుక్ కలిసి ఫాస్ట్ ఎంఆర్‌ఐ పేరుతో మోకాలి స్కాన్ల డేటా అందరికీ ఇచ్చారు, మంచి ఫలితాలూ వచ్చాయి. అయితే 2020లో పెట్టిన పోటీలో కొన్ని పద్ధతులు లేని ఆకారాల్ని పుట్టించినట్టు కూడా తేలింది. నీ మొదటి భయం, లేని రాయి, ఇటువైపు ఎక్కువ వర్తిస్తుంది. అక్కడ ఏది వాడతారో అడగడంలో తప్పులేదు. చిరాకు పడితే పడనీ.

స్కాన్ రోజుకు కొన్ని సంగతులు. నాలుగైదు గంటల ముందునుంచి అమ్మకు ఏమీ పెట్టొద్దు, పిత్తాశయం నిండుగా ఉండాలి, పేగుల్లో నీళ్ళు మెరవకూడదు. కొన్నిచోట్ల ముందుగా అనాసపండు రసం తాగిస్తారు, ఆశ్చర్యపోవద్దు. అందులోని మాంగనీసు పొట్టలోని ద్రవాన్ని బొమ్మలో నల్లబరుస్తుంది, దాంతో నాళం విడిగా కనబడుతుంది. రెండు రోజుల ముందునుంచే ఇంట్లో ఊపిరి ప్రాక్టీసు చేయించు: రెండుసార్లు మామూలుగా తీసి వదిలి, వదిలాక ఆపాలి, గడియారం పెట్టి ఇరవై అంకెలు లెక్కపెట్టాలి. పీల్చి బిగబట్టడం కాదు, అందరూ అదే చేస్తారు. పదిహేను దగ్గరే తెగిపోతుంటే ఆ సంగతి టెక్నీషియన్‌కు ముందే చెప్పు. ఊపిరితో పాటు నడిచే స్కాన్‌నే కంప్రెస్డ్ సెన్సింగ్‌తో రెండు మూడు నిమిషాలకు కుదించి తీయొచ్చు, అదీ మంచి దారే.

గాజులు, మెట్టెలు, పిన్నీసులు, జడపిన్నులు ఇంట్లోనే తీసేయండి. తాళి దగ్గర మా ఊళ్ళో రోజూ అరగంట పోతుంది. కంప్రెస్డ్ సెన్సింగ్ మిగిల్చే నిమిషాలన్నీ అక్కడే ఖర్చు. పెద్దావిడ ఒప్పుకోకపోతే పసుపు కొమ్ము కట్టిన దారం ఒకటి మెళ్ళో వేయించి తాళి నీ చేతికి తీసుకో, చాలామంది అలాగే చేస్తారు.

పాత సెంటరు ఇచ్చిన సీడీ కూడా తీసుకెళ్ళు, మసకైనా పనికొస్తుంది. ఒక చోట నలుపు రెండు స్కాన్లలోనూ అదే చోట ఉంటే దానికి బలం వేరు. బొమ్మ వచ్చాక అమ్మ ఊపిరి మధ్యలో తెగిందని నీకు గాని టెక్నీషియన్‌కు గాని అనిపిస్తే, బల్ల దిగకముందే ఇంకోసారి తియ్యమను. ఇరవై సెకన్లే కదా, కాదనరు.